చిటికెన వేలంత చోటు

దుకాణం వెనక గది,
సోమవారం, భోజనం వేళ

అక్కకి,

నువ్వు ఫోను చేసినప్పుడు నేను బ్లేడు సానబెడుతున్నాను. రాయి చప్పుడులో నాకు వినపడినవి రెండే ముక్కలు: "పిచ్చుకకి బూట్లు", "అన్నిటికంటే గట్టివి". ఆ తరవాత "సరేలే, నీకు పనుంది" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో "సరేలే" అనలేవు. పైగా నీ కూతురి పాదాల చుట్టూ పెన్సిలుతో గీసిన గీతలు నాకు కావాలి. ఫొటో పంపితే కొలత మారిపోతుంది.

స్కేటింగ్ బూట్లని అలా అడగకూడదక్కా. ఈ కౌంటరు ముందు నిలబడే తల్లులందరూ అలాగే అడుగుతారు. వాళ్ళకి చెప్పీ చెప్పీ సాయంత్రానికి నా దవడలు నొప్పెడతాయి. నీకు మాత్రం కూర్చుని నెమ్మదిగా చెబుతున్నాను.

ఇప్పుడిప్పుడే ఐసు మీద నిలబడటం నేర్చుకునే పిల్లకి మెత్తని బూటు చాలు. బ్లేడు దానికి బిగించే వస్తుంది, విడిగా ఎంచుకునే పని లేదు. గాలిలో ఒక చుట్టు తిరిగి దిగే పిల్లకి చీలమండ దగ్గర కాస్త గట్టిగా ఉండే తోలు బూటు కావాలి. బ్లేడు ముందుండే పళ్ళు కొంచెం పెద్దవి కావాలి, గెంతేటప్పుడు ఐసుని పట్టుకోవడానికి. రెండు చుట్లు తిరిగే పిల్ల దిగినప్పుడు ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది కాబట్టి ఆమెకి చెక్కలాంటి బూటు. ఇంకా ఆ మెట్టు ఎక్కని పిల్లకి అది తొడిగామనుకో, బూటు వంగదు. బూటు వంగకపోతే మోకాలు వంగదు. మోకాలు వంగకపోతే పిల్ల వెల్లకిలా పడుతుంది. మన పిచ్చుకలాంటి బక్కపిల్లయితే మరీను.

కాబట్టి దానికి ఏ గెంతులు వస్తాయో ఉన్నదున్నట్టు రాయి. ఎప్పుడో ఒకసారి కుదిరినవి కాదు, అడిగినప్పుడల్లా వచ్చేవి.

పాదాలు గీసేటప్పుడు పిల్లని నిలబెట్టు. పలచని మేజోళ్ళు వెయ్యి. పెన్సిలు నిటారుగా పట్టుకో. అన్నిటికంటే ముఖ్యం, చోటు వదలకు. నాన్న మనకి బూట్లు కొన్నప్పుడల్లా మడమ వెనక చిటికెన వేలు దూర్చి చూసేవాడు గుర్తుందా? వేలు పడితేనే కొనేవాడు, వచ్చే ఏడాదికి కూడా వస్తాయని. ముందు కాగితం కుక్కుకుని నడిచాం. నువ్వు పిచ్చుక గౌన్లు కూడా అలాగే కొంటావు. ఈ బూట్లలో ఆ చోటు పనికిరాదు. మడమ లేచిందంటే బ్లేడు ఒక దారి, పిల్ల ఒక దారి.

నేను బాగానే ఉన్నాను. నిలబడే ఉద్యోగం కదా, ఇంటికెళ్ళాక కాసేపు కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటాను. నీ నడుం ఎలా ఉంది?

చెల్లి


వంటింటి బల్ల దగ్గర,
మీ బావ డ్యూటీకి వెళ్ళాక

చెల్లీ,

ఉత్తరం చదివాను. మీ బావకి కూడా చదివి వినిపించాను. అంత చదువు చదివి ఆఖరికి జనం కాళ్ళు పట్టుకుంటోందా అని నవ్వాడు. అది పట్టుకుంటే కాళ్ళు బాగుపడతాయి, మీరు స్టీరింగు పట్టుకుంటే బస్సు ఆగిపోతుంది అన్నాను. 

నా నడుం సంగతి అడిగావు. ఉంది. పొద్దున్నే ఐసు రింకు తలుపులు తీస్తాను. రబ్బరు పట్టాలు కడుగుతాను. బెంచీల కింద అంటించిన చూయింగ్ గమ్ గీకుతాను. పిల్లలు నములుతారు, తల్లులు చూడరు. ఆ పని అయ్యేదాకా పిచ్చుక ఖాళీ ఐసు మీద తిరుగుతుంది. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నాకు ఈ ఉద్యోగంలో మిగిలింది ఆ కాస్త ఐసే.

ఇప్పుడు దానికే ఎసరు వచ్చింది. కొత్త సీజను నుంచి ఆ వేళ ఐసంతా కోచ్ గారి పెద్ద జట్టుకి ఇచ్చేస్తారట. జట్టులో ఉంటేనే లోపలికి. జట్టులోకి రావాలంటే ఈ సీజను చివర్లో పెట్టే పరీక్ష నెగ్గాలి. కోచ్ గారిని అడిగితే, ముందు సొంత బూట్లు ఉండనివ్వమ్మా, తరవాత చూద్దాం అన్నారు. తప్పేం లేదులే, అద్దె బూట్ల తోలు మడతలు పడి దీని చీలమండలు లోపలికి వాలిపోతున్నాయి. అక్కడి తల్లులు దీన్ని "అద్దె బూట్ల పిల్ల" అంటారు. నేను తుడుస్తుండగానే అంటారు. నేను కూడా తుడుస్తూనే ఉంటాను.

గెంతుల సంగతి అడిగావు. రెండు చుట్లవి వస్తున్నాయి. రాసుకో.

పాదాల గీతలు ఇందులో పెట్టాను. నువ్వు చెప్పినట్టే గీశాను.

అక్క


దుకాణం కౌంటరు,
గురువారం, జనం లేనప్పుడు

అక్కకి,

బూట్లు పార్సిలు చేశాను. ఇవి నా కానుక, మరో మాట మాట్లాడొద్దు.

రెండు చుట్లు వస్తున్నాయని చదివి ఎంత సంతోషించానో. మా యజమానికి చెప్పాను, మా అక్క కూతురు రెండు చుట్లు తిరుగుతోందని. అయితే ఇది తీసుకో అని పై అరలోంచి ఆయనే దించి ఇచ్చారు. గట్టి బూట్లే, నువ్వు అడిగినవే. బ్లేడు పళ్ళు పెద్దవి, పిచ్చుకని జాగ్రత్తగా ఉండమను, మొదట్లో ముందుకి తూలుతుంది.

నీ గీతలు చూసి నవ్వుకున్నాను. మొన్నటి పిల్లకి అంత పాదం ఎక్కడిదక్కా. చోటు వదలకు అని అంత గట్టిగా రాసినా నీ చెయ్యి ఆగలేదు. నీ సంగతి నాకు తెలియదా. చిటికెన వేలంతా తియ్యలేదులే. నీ గీతలోంచి సగమే తీశాను. మిగతా సగం నీ చేతి వణుక్కి వదిలేశాను.

బ్లేడుని ప్రస్తుతానికి కొన్ని స్క్రూలతోనే బిగించాను. కొన్నాళ్ళు తిరిగాక, నిటారుగా సాగుతోందా పక్కకి లాగుతోందా చూసి, మీ రింకులో సానబెట్టేవాళ్ళ చేత మిగతా స్క్రూలు బిగించు. అవి కూడా బిగించాక ఇక మార్చడం కష్టం. ముందు ఇంట్లో తొడిగి, మోకాళ్ళు వంచి లేపి అలవాటు చెయ్యి. లేసులు వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా.

నిలబడినప్పుడు వేళ్ళు ముందు తోలుని కాస్త తాకాలి. మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. అది చూసి రాయి.

చెల్లి


ఇంటి నుంచి

చెల్లీ,

బూట్లు అందాయి. తెల్లగా మెరుస్తున్నాయి. మీ బావ పెట్టె కూడా పారెయ్యనివ్వలేదు.

సరిపోయాయా అని అడిగాను. సరిపోయాయి అంది. రోజూ వేసుకుంటోంది. పరీక్ష దగ్గరికొస్తోంది. పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను.

అక్క


నా గది,
ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం అరచేతిలో పట్టేంత ఉంది. అందులో నేను అడిగినది ఒక్కటీ లేదు. వేళ్ళు ముందు తోలుని తాకుతున్నాయా? మోకాళ్ళు వంచితే వెనక్కి వస్తున్నాయా? మిగతా స్క్రూలు బిగించారా?

మా దగ్గరికి పిల్లలు వచ్చినప్పుడు నేను "బాగుందా" అని అడగడం మానేశాను. బాగుంది అంటారు. అమ్మ పక్కనే ఉంటుంది, కొత్త బూటు వాసన వస్తుంటుంది, ఏ పిల్లయినా బాగుందనే అంటుంది. అందుకే బూటు విప్పించి, మేజోడు తీయించి, కాలు చూస్తాను. ఎక్కడ ఎర్రగా ఉందో అదే నాకు జవాబు.

నువ్వూ అలాగే చూడు. అడక్కు, చూడు. పరీక్ష ఎలా జరిగిందో కూడా రాయలేదు. అయిపోయే ఉంటుందిగా.

ఈ వారం తెరిపి లేదు. సీజను చివర అందరికీ ఒకేసారి బ్లేడ్లు మొద్దుబారాయి. ఇనప పొడి గోళ్ళలోంచి పోవడం లేదు.

చెల్లి


రింకు, బట్టలు మార్చుకునే గది,
పని అయ్యాక

చెల్లీ,

చూశాను.

రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. ఒకటి ఊడొచ్చేలా ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని అలాగే నిలిచిపోయాయి, చాపమంటే చాపలేకపోయింది. ఇంట్లో కూడా మేజోళ్ళతోనే తిరుగుతుంటే చలేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

పరీక్ష అయిపోయింది. ఐసు మీదకి వెళ్ళింది, మొదటి గెంతుకే వెల్లకిలా పడింది. లేచింది. మళ్ళీ పడింది. కోచ్ గారు పిలిచి, బూటుని చేత్తో నొక్కి చూసి, "ఈ పిల్లకి ఒక చుట్టే ఇంకా నిలకడగా రాదు, ఈ బూట్లు ఎవరిచ్చారమ్మా" అన్నారు. తల్లులందరూ వింటున్నారు. మా చెల్లెలు అని నోటిదాకా వచ్చింది. మింగేసి, నేనే కొన్నాను అన్నాను.

ఇప్పుడు రెండు మాటలు విను. మొదటిది, పాదాల గీతల్లో నేను ఏమీ కలపలేదు. వెంట్రుకవాసి కూడా. నువ్వు అంతలా రాశావని, పెన్సిలు నిటారుగా పట్టుకుని, ఊపిరి బిగపట్టి గీశాను. దాని పాదం నిజంగానే పెరిగింది. నువ్వు చూసి ఎన్నాళ్ళయింది? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీ మాట విన్నాను, నువ్వు నన్ను నమ్మలేదు. సగం తీశానని నువ్వు రాసింది చదివినప్పుడే బూట్లు చాలవేమోనని అనిపించింది.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటావు. అదే రెండో మాట. గెంతుల దగ్గర కలిపాను. రెండు చుట్లు రావు. ఒకసారి తిరగబోయింది, నేను చూశాను. గీత సంగతి నీకు రాస్తే నువ్వు మళ్ళీ మొదటినుంచీ అడుగుతావు, గెంతుల దగ్గరికొస్తావు. వచ్చినవి వెనక్కి పంపితే ఈసారి మెత్తవి పంపుతావు. దాన్ని మళ్ళీ చిన్నపిల్లల వరసలో నిలబెట్టాలి. అందుకని నోరు మూసుకున్నాను. స్క్రూలు మాత్రం బిగించనివ్వలేదు. బిగిస్తే ఇక వెనక్కి లేదన్నావుగా.

నిన్ను బళ్ళో వేసినప్పుడు కూడా ఇదే చేశాను. అమ్మానాన్నలకి బడి గుమ్మం ఎక్కాలంటే భయం, నేనే తీసుకెళ్ళాను. నీకు అయిదో ఎక్కం కూడా సరిగ్గా రాదు. పదహారో ఎక్కం దాకా వచ్చని చెప్పి పై తరగతిలో కూర్చోబెట్టాను. తరవాత నువ్వు నేర్చేసుకున్నావుగా. నీ పక్కన కూర్చుని నేనూ ఈ నాలుగక్షరాలు నేర్చుకున్నాను. కాస్త ఎక్కువ చెబితే మనిషి దానికి తగ్గట్టు పెరుగుతుందనుకున్నాను. ఇదీ పెరుగుతుందనుకున్నాను.

పిల్ల ఏడవలేదు. అదే నాకు బాగాలేదు.

అక్క


దుకాణం వెనక గది,
ఉత్తరం అందిన రోజే

అక్కకి,

చదివి కాసేపు పని చెయ్యలేకపోయాను. ఒకావిడ తన కూతురి కాలు నా ఒళ్ళో పెట్టి ఎదురుచూస్తోంది. నేను ఆ కాలు పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

నువ్వు నిజం చెప్పిన చోట నేను కోశాను. నువ్వు కలిపిన చోట నమ్మాను. ఎవరైనా కొత్త మనిషి ఆ గీతలు పంపి ఉంటే ఉన్నదున్నట్టు చూసేదాన్ని. మన ఇల్లు నాకు తెలుసనుకుని కాగితం సరిగ్గా చూడలేదు. పాదం పెరిగిందేమోనని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

పదహారో ఎక్కం సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ తరగతిలో మొదటి నెలలన్నీ నాకు కడుపునొప్పి వచ్చేది, నీకు గుర్తుందో లేదో. నేర్చుకున్నాను, నిజమే. నీవల్లే ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను, అదీ నిజమే. కానీ ఎక్కం కాలిని నొక్కదక్కా. రాకపోతే రాదు, ఇంకో రోజు వస్తుంది. బూటు అలా ఆగదు.

ఆ జతని పంపెయ్యి. సాగదీసి చూద్దామా అని మా యజమాని అన్నారు గానీ, వేళ్ళ దగ్గర ఒకచోట నొక్కితే సాగదీయవచ్చు, పొడవు చాలకపోతే ఏమీ చెయ్యలేం. సాగదీసినా గట్టిదనం తగ్గదు. స్క్రూలు బిగించనివ్వకపోవడం మంచిదైంది. నిజంగా రెండు చుట్లు తిరిగే చిన్న పాదాల పిల్ల ఒకతి మా దగ్గరికి వస్తుంది, వాటిని ఆమె వేసుకుంటుంది.

పిచ్చుక వేళ్ళు డాక్టరుకి చూపించు. గోళ్ళు మానేదాకా ఐసు వద్దు. మానాక పాదాలు మళ్ళీ గీసి పంపు. ఈసారి బావ గీయాలి. నువ్వు ఆ గదిలో ఉండకూడదు. గెంతుల సంగతి పిచ్చుక తన చేత్తో రాయాలి, నువ్వు చదవకుండా కవరు అంటించాలి.

కోపంతో రాయడం లేదు. అలసిపోయి రాస్తున్నాను. నువ్వు నా పేరు మింగేశావని చదివినప్పటినుంచి ఏం ముట్టుకున్నా బరువుగా ఉంది.

చెల్లి


మా ఇల్లు

పిన్నీ,

నాన్న గీశాడు. బస్సు మలుపు తిప్పినట్టు మెల్లగా గీశాడు, నాకు చక్కిలిగింతలు పుట్టి కదిలాను, అందుకని ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ గీశాడు. అమ్మని బయట నిలబెట్టాం. కిటికీలోంచి చూసింది.

నాకు వచ్చేవి రాస్తున్నాను. వెనక్కి జారుతూ వెళ్ళడం బాగా వస్తుంది. ఒక కాలి మీద గిర్రున తిరగడం వస్తుంది, ఎడమ వైపే. ఒక చుట్టు గెంతుల్లో రెండు రకాలు వస్తాయి, మూడోది అప్పుడప్పుడు. ఒకటిన్నర చుట్టుది రాదు. రెండు చుట్లవి ఏవీ రావు. అమ్మ చూసినప్పుడు గాలిలో తిరిగాను కానీ దిగలేదు, కూలబడ్డాను. అమ్మ దాన్ని కూడా వచ్చినట్టే అనుకుంది.

బూట్లు నొప్పని ఎందుకు చెప్పలేదని నాన్న అడిగాడు. నాకు ఇంతకుముందు కొత్త బూట్లు లేవు కదా. మంచి బూట్లు అలాగే ఉంటాయేమో అనుకున్నాను.

కవరు నేనే అంటిస్తున్నాను.

పిచ్చుక


దుకాణం కౌంటరు,
శనివారం

పిచ్చుకకి, పిచ్చుక వాళ్ళమ్మకి,

మీ నాన్న గీతని అట్ట మీద అంటించి, కత్తిరించి, బూటు లోపల పెట్టి చూశాను. ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. ఆరు జతలు పక్కన పెట్టాక ఇది కుదిరింది.

ఇది మధ్య మెట్టు బూటు. చేత్తో నొక్కితే కొంచెం వంగుతుంది, వదిలితే లేస్తుంది. బ్లేడు పళ్ళు చిన్నవి, ఒక చుట్టు గెంతులకి ఇవి బోలెడు. ఒకటిన్నర చుట్టు వచ్చేదాకా వీటిని మార్చే పని లేదు. కొన్నాళ్ళకి చీలమండ దగ్గర తోలు మీద సన్నని ముడత పడుతుంది. అది పాడవడం కాదు, బూటు నీకు అలవాటు పడటం. ముడత లోతుగా పడి చీలమండ వాలిపోతే అప్పుడు చెప్పు.

పిచ్చుకా, మంచి బూట్లు అలా ఉండవు. నొప్పి ఎక్కడున్నా, ఎంత చిన్నదైనా, వెంటనే అమ్మకి చెప్పు. బూటుకి నోరు లేదు, నువ్వే మాట్లాడాలి.

అక్కా, స్క్రూలు ఇప్పుడు కూడా కొన్నే బిగించాను.

మీ పిన్ని, నీ చెల్లి


రింకు, బెంచీ మీద,
పని మధ్యలో

చెల్లీ,

పొద్దుటి ఐసు పోయింది. అనుకున్నదే. ఇప్పుడు ఆ వేళ పెద్ద జట్టు తిరుగుతుంటే నేను పట్టాలు కడుగుతాను, అంతే. కోచ్ గారు దీన్ని సాయంత్రం చిన్నపిల్లల జట్టులో వేసుకున్నారు. నేను కలపలేదు, తగ్గించలేదు. దానికి వచ్చేవి అదే చెప్పుకుంది, కోచ్ గారు తలూపి వరసలో నిలబెట్టారు. అందరికంటే ఇదే పొడుగు. చిన్న పిల్లలు దీని వేలు పట్టుకుని తిరుగుతున్నారు. నాకు చూడ్డానికి కష్టంగా ఉంది. దానికి లేదు.

సాయంత్రం పని కూడా అడిగి వేయించుకున్నాను. బెంచీలు తుడుస్తూ చూడొచ్చని. నడుం ఒప్పుకోవడం లేదు, అయినా సరే.

మొదటి రోజు బూట్లు విప్పగానే మేజోళ్ళు తీయించి వేళ్ళు చూశాను. కొత్త గోరు సగం వచ్చింది. ఎక్కడా ఎరుపు లేదు. రెండో రోజూ చూశాను. మూడో రోజు, "రోజూ ఏం చూస్తావమ్మా, ఉంటే నేనే చెప్తాగా" అంది. నేను నమ్మలేదు. సరే అని, అది నిద్రపోయాక చూశాను.

నిన్న ఐసు దిగి సరాసరి నా దగ్గరికొచ్చింది. చీపురు నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చుని కాలు నా ఒళ్ళో పెట్టింది. "అమ్మా, ఎడమ మడమ దగ్గర రాసుకుంటోంది. ఇక్కడ. కొంచెమే" అంది. అక్కడ ఆ తల్లులందరూ ఉన్నారు. నేను బూటు విప్పి, మేజోడు తీసి, దాని మడమ పట్టుకున్నాను. పప్పుగింజంత ఎర్రబడింది.

అదే చెప్పింది. నేను అడగలేదు.

ఆ చోట ఏం చెయ్యాలో వెంటనే రాయి.

అక్క